పద్యములలోని రాజధాని

తలుపుల, కదిరి ప్రాంతముల పిల్లలకు విజయనగరమనగా పరీక్షలో వచ్చు ఒక ప్రశ్న. రాక్షసి తంగడి యుద్ధము 1565లో జరిగెనని వ్రాసినచో మార్కులు వచ్చును. ఆ మహానగరము తెలుగు సాహిత్యమున ఎట్లు కనబడునని అడుగువారు తక్కువ. అడిగినచో దొరకు సమాధానము వింతగా నుండును.

1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఆ వీధులను, రత్నములమ్ము అంగళ్లను, మహర్నవమి వేడుకలను చూచి వ్రాసికొనెను. అది రోము నగరమంత యున్నదని తలచెను. అదే కాలమున రాయల కొలువులోని పెద్దన వర్ణించినది మాత్రము వరణాతీరమందలి అరుణాస్పదపురము. నగరమునకు ఏలికయైన కృష్ణరాయలు సైతము ఆముక్తమాల్యదను విల్లిపుత్తూరి వర్ణనతో ఆరంభించెను. అందు వరిమళ్ల కాలువలలో తలలు రెక్కలలో దూర్చి బాతులు నిద్రించుచుండును. వేకువను స్నానమాడి వెళ్లిన బ్రాహ్మణులు మరచిన తడిబట్టలని భ్రమపడి కావలివారు వానిని తీయ దిగుదురు. బాతులు పరుగిడును, చేను కాచు పడుచులు నవ్వుదురు. ఇంత నిశితమైన చూపు స్వంత రాజధానిపై పడకుండునా? చూచినదానిని విల్లిపుత్తూరిలో దాచెననుకొనుటయే న్యాయము.

నగరమును దాని పేరుతోనే, వచనమున, ముచ్చటగా చూపినది రాయవాచకము. విద్యారణ్యులు నగరము నిలిపిన కథ, వేగులవారి వార్తలు, రాయల మంత్రాంగము అన్నియు అందున్నవి. అయితే ఆ గ్రంథము నగరము పాడుపడిన పిమ్మట, దూరమున మధుర నాయకుల కొలువున పుట్టినదని పరిశోధకుల అభిప్రాయము. ఉన్ననాడు మారుపేర్లతో పలికిన నగరమును, పోయిననాడు సొంతపేరుతో తలచుకొనిరి!

యుద్ధానంతరము తిరుమలరాయలు రాజ్యలక్ష్మిని పెనుగొండకు తెచ్చెను. దాదాపు మూడున్నర శతాబ్దముల తరువాత ఆ కోటనీడను పెరిగిన బాలుడు పుట్టపర్తి నారాయణాచార్యులు, మీసమైన రాని వయస్సున, ‘పెనుగొండ లక్ష్మి’ వ్రాసెను. పెద్దవాడై విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమాయెను. శిథిలములను చూచి కన్నీరు కార్చిన కవులు మనకు కొల్లలు. ఆ బాలుని దుఃఖము మాత్రము రోజూ నడిచిన దారిలోని రాళ్లనుండి పుట్టినది. అందుచేతనే అది ఎరువు సొమ్మువలె తోచదు.

నేడు విహారయాత్రకు వచ్చిన పిల్లలు గగనమహలు చూచి, ఫోటోలు దిగి, గంటలో బస్సెక్కుదురు. ఉపాధ్యాయుని సంచిలో ఆ చిన్నపుస్తకముండి, అక్కడనే నాలుగు పద్యములు చదివి, వీనిని వ్రాసినవాడు మీ యీడువాడే యని చెప్పినచో, బస్సెక్కబోవు పిల్లలలో ఒకడైనను వెనుదిరిగి మరల ఆ గోడలవంక చూడకపోడు.