దావా వలదని చెప్పు ప్లీడరు

విజయనగరమున 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో నూతనరూపమున వెలువడిన కన్యాశుల్కమును దురాచారఖండనముగ చదువుటయే మనకు వాడుకైనది గాని, కోర్టు వ్యవహారముల లోకమొకటి అందు సంపూర్ణముగ కలదని తలంచువారు తక్కువ. వ్యాజ్యములతోడనే ప్రొద్దుపుచ్చు అగ్నిహోత్రావధానులును, ఆయనను మరియొక ప్లీడరు కడనుండి తనవైపు త్రిప్పుకొనజూచు ప్రైవేటు వకీలు నాయుడును నేటికిని మన కోర్టు ఆవరణములలో టీ త్రాగుచునే యున్నారు. అదే నాటకమున సజ్జనుడగు వకీలు సౌజన్యారావు పంతులు మాత్రము ఆ గుంపులో అంత సులభముగ కానరాడు.

తక్కువ ఖర్చుతో, లోకజ్ఞానముతో నడచు న్యాయవాదుల ఉమ్మడి కార్యాలయమొకటి శ్రీకాకుళముననో విజయనగరముననో నెలకొనవలెనని నేననగా, ఫీజు తగ్గించుటయే నా యభిప్రాయమని మిత్రులు భ్రమింతురు. కక్షిదారుని కృంగదీయునది ఫీజుకంటె వాయిదా. గట్టు తగాదాలో చిక్కిన రైతు, చెన్నపట్టణమునకో హైదరాబాదునకో కూలికి పోయినవాడైనచో, ప్రతి వాయిదాకును రైలు చార్జీయు, పోయిన కూలియు, గుమాస్తా చేతి ఖర్చులును భరించి, తీరా వ్యవహారము హైకోర్టు కెక్కునప్పటికి, పూర్వులు మదరాసునకును, 1954 పిమ్మట గుంటూరునకును, 1956 పిమ్మట హైదరాబాదునకును పోయినట్లే, 2019 నుండి అమరావతికి పయనము కట్టవలసి యున్నది.

కాగితములు చూచి, ఈ దావా వలదు, రాజీకి పోవుదమని చెప్పువాడే నాకు కావలసిన ప్లీడరు. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి, కోర్టులోనున్న వ్యాజ్యము లోక్ అదాలతున రాజీపడినచో చెల్లించిన కోర్టు ఫీజు తిరిగివచ్చును. ఆ నిర్ణయము డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హత కలదన్న మాట పాలకొండ, సాలూరు ప్రాంతములందు ఎందఱి చెవిని పడినది?

ఇట్టి ప్లీడరు తన చౌకను చాటుకొనుటకును వీలులేదు. బార్ కౌన్సిల్ నియమములు వ్యాపార ప్రకటనలను నిషేధించుచున్నవి. గెలిచిన పొలములో వాటాను ఫీజుగ గైకొనుటయు కూడదు. రెండవది సబబే. మొదటిదానివలన మాత్రము, ఎవరి ఫీజు ఎంతయో ముందుగ తెలియు మార్గము చాలవఱకు మూసికొనిపోయినది. అయినను అసలు చిక్కు మనయందే కలదు: దావా వేసినందులకు పైకమిత్తుము గాని, వేయవద్దన్న సలహాకు నమస్కారము పెట్టి లేచిపోవుదుము. ఒక గదిని, ఒక గుమాస్తాను, ఒక పుస్తకముల బీరువాను పంచుకొను నలుగురు యువ న్యాయవాదులు సలహాకు స్వల్పమైన ఫీజును ముందే నిర్ణయించి, దానికి రసీదు వ్రాసియిచ్చుట నారంభించినచో, రాజీ చేయించుటవలన వారికి నష్టము రాదు.

— కళింగవాసి