విశాఖకు వెళ్ళి రండి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చిక్కడపల్లిలోనూ, నారాయణగూడలోనూ, అశోక్ నగర్‌లోనూ ప్రతి ఇంటా ఒక రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతుంది. ఎక్కడికి వెళ్ళటం? ఇంటాయన తిరుపతి అంటాడు. ఇల్లాలు పుట్టిల్లంటుంది. పిల్లలు గోవా అంటారు. చివరకు ఎవరి మాటా నెగ్గక, కోఠీకి వెళ్ళి నాలుగు బట్టలు కొనుక్కుని, టాంక్ బండ్ మీద మొక్కజొన్న కండెలు తిని సరిపెట్టుకోవటం చాలా ఇళ్ళలో పరిపాటి. మన నగరానికి అన్నీ ఉన్నాయి గాని సముద్రం లేదు. హుస్సేన్ సాగర్ పేరులో సాగరం ఉన్నమాట నిజమే. ఆ సాగరంలో ఉప్పూ లేదు, చెప్పుకోదగ్గ అలా లేదు.

అందుచేత ఈ వారం నా తరఫున ఒక ప్రతిపాదన: విశాఖపట్నం వెళ్ళి రండి.

"ఓస్, విశాఖేనా! ఎప్పుడో చూశాం" అంటారని తెలుసు. ఎప్పుడు చూశారన్నదే ప్రశ్న. 2014 అక్టోబరుకు ముందా, తరువాతా? ముందు చూసినవారు మళ్ళీ చూడవలసిన అవసరం ఉంది. ఏమంటే, ఆ నెలలో ఆ ఊరు ఒకసారి పడిపోయింది. పడిపోయి లేచిన ఊరిని చూడటం వేరు, ఎన్నడూ పడని ఊరిని చూడటం వేరు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్ హుద్ అనే తుఫాను సరిగ్గా విశాఖ మీదనే తీరం దాటింది. హుద్ హుద్ అంటే నెత్తిన కిరీటం వంటి జుట్టున్న ఒక చిన్న పిట్ట. పేరు పెట్టినవారు ఒమాను దేశంవారు. పిట్ట పేరే గాని, గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా వీచింది. విమానాశ్రయం పైకప్పు చిరిగిపోయింది. కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. ఊళ్ళో రోజుల తరబడి దీపం లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, ఫోను పలకలేదు. పాల ప్యాకెట్టుకు నోటికొచ్చిన ధర చెప్పినవారున్నారు. ఉన్న నీళ్ళు పదిమందికీ పంచినవారూ ఉన్నారు. ఆపద వచ్చినప్పుడు మనిషి రెండు ముఖాలూ ఒక్క వీధిలోనే కనబడతాయి.

చెట్ల సంగతి వేరే చెప్పాలి. వేలకు వేలు కూలిపోయాయి. విశాఖ నుంచి వచ్చి ఇక్కడ పాఠాలు చెబుతున్న మిత్రుడొకాయన అప్పట్లో ఊరికి వెళ్ళి వచ్చాడు. "ఏటి చెప్పమంటారండీ! మా వీధి అరుగు మీంచి ఇప్పుడు సముద్రం కనబడతంది" అన్నాడు. మంచిదే గదా అన్నాను. ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ళుగా అడ్డున్న చెట్లన్నీ పోతే తప్ప ఆ సముద్రం కనబడదని నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

ఇంత జరిగినా ప్రాణనష్టం పదుల్లో ఆగింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని మనవారంతా విన్నదే. ఆ రెండు తుఫానుల మధ్య తేడా గాలిలోనూ ఉప్పెనలోనూ మాత్రమే లేదు, కబురులో కూడా ఉంది. హుద్ హుద్ వస్తున్నదని, ఫలానా చోట, ఫలానా పూట తీరం దాటుతుందని వాతావరణ శాఖవారు రోజుల ముందే చెప్పారు. తీరం వెంబడి ఉన్నవారిని లక్షకు పైగా ముందే తరలించారు.

ఆ కబురు ఎంత విలువైనదో తెలియాలంటే భూగోళానికి అవతలి పక్కన ఉన్న మరో సముద్రతీర పట్టణాన్ని చూడాలి. మెక్సికో దేశంలో, పసిఫిక్ ఒడ్డున అకపుల్కో అని ఉంది. 1950లలో హాలీవుడ్ తారలు విలాసంగా దిగే ఊరది. కొండ కొమ్ము మీంచి సముద్రంలోకి దూకే సాహసికులకు ఈనాటికీ పేరుపొందింది. 2023 అక్టోబరు 25 తెల్లవారకముందే దానిమీద ఓటిస్ అనే తుఫాను పడింది. ముందునాడు ఉదయం దాకా అది మామూలు తుఫాను. ఒక్క రోజు తిరగకుండా అన్నిటికన్నా భీకరమైన అయిదో తరగతికి పెరిగిపోయింది. ఎవరికీ సర్దుకునే వ్యవధి లేదు. హోటళ్ళు చాలామటుకు అద్దాలు, గోడలు పోయి అస్థిపంజరాల్లా నిలబడ్డాయి. ఏడాది తిరిగేలోగా 2024 సెప్టెంబరులో జాన్ అనే మరో తుఫాను ఆ ఊరిని వరదలో ముంచింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అయినా అకపుల్కో ఇవాళ తలుపులు తెరిచి "రండి బాబూ" అని పిలుస్తోంది. పడవవాడు, పండ్లమ్మేవాడు, హోటలు గది ఊడ్చే మనిషి, వీళ్ళందరి పొయ్యి యాత్రికుడు వస్తేనే వెలుగుతుంది. గోడను ప్రభుత్వం కట్టవచ్చు, పొయ్యి వెలిగించేది మాత్రం వచ్చి పోయే జనం.

విశాఖ కథ కూడా అదే. తుఫాను వెళ్ళిన పదహారు నెలలకు, 2016 ఫిబ్రవరిలో, సుమారు 50 దేశాల నౌకాదళాలు ఆ తీరంలో బారులు తీరాయి. అంతర్జాతీయ నౌకా సమీక్ష అన్నారు దాన్ని. ఆ తరువాతనైనా ఊరికి కష్టాలు తప్పాయా? 2020 మే 7 తెల్లవారుజామున ఒక కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి 12 మంది చనిపోయారు. 2023 నవంబరులో చేపలరేవులో నిప్పంటుకుని పదుల కొద్దీ మరపడవలు కాలిపోయాయి. ప్రతిసారీ ఆ ఊరు కళ్ళు తుడుచుకుని మళ్ళీ తెల్లవారు వలకు బయలుదేరింది. ఇటువంటి ఊరికి వెళ్ళటం విహారమే గాదు, ఒక పలకరింపు కూడా.

ఇక ఎట్లా వెళ్ళాలి? దూరం ఆరువందల కిలోమీటర్ల పైమాటే. 2023 సంక్రాంతినాడు మొదలైన వందే భారత్ రైలు పగటిపూట తీసుకుపోతుంది. నన్నడిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్సే ఎక్కమంటాను. 1974 నుంచి నడుస్తున్న బండి. సాయంకాలం ఎక్కి, ఇంట్లో కట్టుకున్న పులిహోర తిని పడుకుంటే, నడిరాత్రి గోదావరి వంతెన చప్పుడుకు ఒకసారి మెలకువ వస్తుంది; రెండోసారి మెలకువ వచ్చేటప్పటికి విశాఖ.

తెల్లవారుజామునే రామకృష్ణా బీచికి పొండి. తూర్పు తీరం గనుక సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఈ భాగ్యం గోవాకు లేదు. ఒడ్డునే కురుసుర అనే జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడు మ్యూజియం అయింది. లోపలికి వెళ్ళి, అన్ని పదుల మంది ఆ ఇరుకు గొట్టంలో నీళ్ళకింద ఎట్లా కాపురం చేశారో చూస్తే, మన రెండు గదుల వాటాను గురించి ఫిర్యాదు చెయ్యటం మానేస్తాం. ఎదురుగా టీయూ-142 అనే పెద్ద విమానం 2017 నుంచి ప్రదర్శనలో ఉంది. ఆ దారిలోనే గురజాడ, శ్రీశ్రీ విగ్రహాలుగా నిలబడి ఉంటారు. తెలుగు మాస్టరును గనుక నేను ఆగి నమస్కరిస్తాను. మీరు పిల్లలకు పేర్లయినా చెప్పండి. శ్రీశ్రీ పుట్టిందీ ఆ ఊళ్ళోనే.

ఒక హెచ్చరిక. ఆ బీచిలో స్నానానికి దిగకండి. అలలు చూడటానికి సౌమ్యంగా ఉంటాయి గాని, వెనక్కి పోయే నీరు కాళ్ళకింద ఇసుకను లాగేస్తుంది. ఏటా ఎందరో పిల్లలు అక్కడ పోతున్నారు. నీళ్ళలో దిగాలనుంటే ఋషికొండకు వెళ్ళి, కాపలావారు చూపించిన హద్దులోపల దిగండి.

దక్షిణాన సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ డాల్ఫిన్స్ నోస్. 1933లో తెరిచిన ఓడరేవుకు కాపలా మనిషి అది. దాని చాటునే ఓడలు లోపలికి వస్తాయి. 1948లో స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ జల ఉషను నెహ్రూగారు నీళ్ళలోకి వదిలింది ఈ ఊళ్ళోనే.

ఉత్తరాన భీమిలి దారి పట్టండి. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. తొట్లకొండ ఎక్కితే రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువుల విహారం పునాదులు కనిపిస్తాయి. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లవల్లనే ఆ పేరు. భిక్షువులు సర్వం వదులుకున్నారంటారు గాని, సముద్రాన్ని చూసే చోటు మాత్రం వదులుకోలేదు.

మరికొంత దూరాన ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా సముద్రమూ గాలీ తెచ్చి పోసిన ఇసుక అది. ఇనుము తుప్పువల్ల ఎర్రబడింది. వానలు కోసిన గట్లు, సన్నని లోయలు. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులో, సింహళంలో తప్ప పెద్దగా లేవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది. చివరన భీమిలి, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒక పాత దీపస్తంభం. 1978లో వచ్చిన మరోచరిత్ర చూసినవారు ఆ తీరాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇంకో రోజు చేతిలో ఉంటే అరకు రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రా గుహల దాకా వెళ్ళవచ్చు. తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా మరిచిపోకండి. మరిచిపోతే ఇంటిపక్కవారు క్షమించరు.

ఇన్ని చెప్పాను గనుక చెప్పకూడని మాట కూడా ఒకటి చెప్పాలి. పడిన ఊరు లేచినప్పుడు అందరి కళ్ళూ మేడల మీదే ఉంటాయి. ఎన్ని హోటళ్ళొచ్చాయి, ఎన్ని దీపాలు పెట్టారు అని లెక్కిస్తారు. విశాఖ నిజంగా కోలుకున్నదా లేదా అన్నది మేడలు చెప్పవు, చెట్లూ ఇసుకా చెబుతాయి. ఆ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం సముద్రంలో కట్టిన అడ్డుగోడలు ఆ నడకను ఆపుతాయి. అందుకని రేవులో తవ్వితీసిన ఇసుకను గొట్టాలతో తెచ్చి బీచిలో పోస్తూ ఉంటారు. ఒక ఏడు పొయ్యకపోతే సముద్రం రోడ్డు దాకా వచ్చి అడుగుతుంది. ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2025లో శుభ్రత సరిగా లేదని దాన్ని కొన్నాళ్ళు తీసేసి, బాగుచేశాక మళ్ళీ ఇచ్చారు. పక్కనున్న కొండను తవ్వి భవనాలు కట్టటం మీద జరిగిన రభస పత్రికల్లో అందరూ చదివిందే. ఎర్రమట్టి దిబ్బల అంచున కూడా ప్లాట్లు, రోడ్లు గుమ్మం దాకా వచ్చాయి. తుఫాను వచ్చి కొట్టినది మళ్ళీ మొలుస్తుంది. మనం తవ్విన కొండ మొలవదు.

అందుకని, వెళ్ళండి గాని మర్యాదగా వెళ్ళండి. ఒక్క పూటలో అన్నీ చూసేసి ఫొటోలతో తిరిగి రాకుండా మూడు రోజులుండండి. సాయంత్రం బీచిలో మురీ మిక్చరు అమ్మే మనిషి దగ్గర బేరమాడకండి. ఎర్రమట్టి దిబ్బల మీద పేర్లు చెక్కకండి, గట్లు ఎక్కి జారకండి. తీసుకుపోయిన సీసాలు తిరిగి తెచ్చుకోండి. వీధుల్లో నడిచేటప్పుడు పదేళ్ళ వయసున్న వేప చెట్టో, కానుగ చెట్టో కనబడితే ఒక నిమిషం దాని నీడన ఆగండి. హుద్ హుద్ తరువాత ఎవరో నాటి నీళ్ళు పోసిన చెట్టది. దాని కొమ్మల సందుల్లోంచి సముద్రం ఇంకా కొంచెం కనబడుతూనే ఉంటుంది. మరో పదేళ్ళకు కనబడకుండా పోవాలని కోరుకోండి.