స్విచ్చుల ఉమ్మడి కాపురం

మధురానగర్ నుంచి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో ఏదో ఒక కోర్సు కరపత్రం పడుతుంది. ఆ పేర్లలో ‘సీసీఎన్‌ఏ’ ఒకటి. సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టిన నెట్‌వర్కింగ్ పరీక్ష ఇది. దీనికోసం జిల్లాల నుంచి వచ్చి, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఎందరో! పండక్కి ఇంటికెళ్లి ‘స్విచ్చుల మీద పని నేర్చుకుంటున్నా’ అంటే, ‘ఎలక్ట్రీషియన్ పనా నాయనా?’ అని అమ్మమ్మ అడగడం ఖాయం.

ఈ స్విచ్ వేరు. ఆఫీసులోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె ఇది. సాధారణంగా 24 లేదా 48 పోర్టులుంటాయి. అవి నిండిపోతే ఇంకో పెట్టె, తర్వాత మరొకటి... దేని పాస్‌వర్డ్ దానిదే, దేని సెట్టింగులు దానివే. చిన్న మార్పు చేయాలన్నా అన్నిటి తలుపూ తట్టాలి.

అందుకే వచ్చింది ‘స్టాకింగ్’. 2003లో సిస్కో తెచ్చిన కేటలిస్ట్ 3750నే తీసుకోండి. వెనకవైపు ప్రత్యేక కేబుళ్లతో కలిపితే 9 స్విచ్చుల వరకూ ఒకే స్విచ్‌లా నడుస్తాయి. ఒకటే అడ్రసు, ఒకటే సెట్టింగుల చిట్టా. తర్వాత జూనిపర్ లాంటి కంపెనీలూ తమ పద్ధతులు తెచ్చాయి. అయితే ఒక కంపెనీ పెట్టెను ఇంకో కంపెనీ స్టాక్‌లో కలపడం కుదరదు.

ఉమ్మడి కుటుంబం అన్నాక పెద్ద ఉండాలిగా! ఆ స్విచ్ పేరు ‘మాస్టర్’. కొత్త మోడళ్లలో ‘యాక్టివ్’ అంటున్నారు. ప్రతి స్విచ్‌కూ 1 నుంచి 15 వరకూ ప్రయారిటీ ఇవ్వొచ్చు, ఎక్కువున్నదే పెద్ద. ఏమీ ఇవ్వకపోతే అన్నిటికీ 1 ఉంటుంది. అప్పుడు ఎవరు పెద్దో తేల్చే లెక్కలు వేరే ఉన్నాయి, చివరికి ఫ్యాక్టరీలో పడిన మ్యాక్ నంబరు దాకా పోతాయి. అదృష్టానికి వదిలేయడం ఎందుకు? పైదానికి 15, దాని కిందిదానికి 14 ఇచ్చేస్తే గొడవ ఉండదు. ఒకసారి కుర్చీ ఎక్కిన పెద్దను మాత్రం, తర్వాత ఎక్కువ ప్రయారిటీతో వచ్చినా దించరు. స్టాక్ మొత్తం రీస్టార్ట్ అయినప్పుడు మళ్లీ ఎన్నిక.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నాలుగు స్విచ్చుల స్టాక్ చక్కగా నడుస్తోంది అనుకోండి. అయిదోది సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ముందు కరెంటిచ్చి చూసి, బాగానే ఉందని అలాగే కేబుల్ తగిలించారు. అది ఒంటరిగా ఉన్నప్పుడు తనకు తానే మాస్టర్! ఇప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దలు. పాత యజమాని దానికి ప్రయారిటీ 15 ఇచ్చి ఉంటే గెలిచేది కొత్తదే. పాత నాలుగూ ఆఫీసు పనివేళల్లోనే రీస్టార్టయి, కొత్తదాని చిట్టాకు తలొగ్గుతాయి. అంతవరకూ కష్టపడి పెట్టుకున్న సెట్టింగులు గోవిందా! నిందంతా నిన్నమొన్న చేరిన కుర్రాడి మీద పడుతుంది.

కాబట్టి ముందు చిట్టాను వేరే కంప్యూటర్‌లో దాచుకోవాలి. కొత్త స్విచ్‌లోని పాత సెట్టింగులు తుడిచేసి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మిగతావాటితో సరిపోల్చాలి. కలవకపోతే అది స్టాక్‌లో కనిపిస్తుంది గానీ పనిచేయదు. తర్వాత కరెంటు తీసేసి కేబుళ్లు తగిలించాలి. కరెంటివ్వడం అన్నిటికంటే ఆఖర్న.

కేబుళ్లు గుండ్రంగా తిరిగి చివరి స్విచ్ నుంచి మొదటిదానికి రావాలి. అప్పుడు ఒకటి తెగినా వేగం సగమై పని సాగుతుంది. ‘ఎలాగూ నడుస్తోందిగా’ అని ఆ చివరి కేబుల్ మానేస్తే, ఒక్కటి ఊడినా స్టాక్ రెండు ముక్కలే. రెండింటికీ ఒకటే అడ్రసు! ఒకే డోర్ నంబరుతో రెండిళ్లుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

ఉమ్మడి కాపురంలో సుఖమూ ఉంది. సెట్టింగులు పెట్టెను కాక దాని నంబరును పట్టుకుని ఉంటాయి. మూడో నంబరు స్విచ్ కాలిపోతే, అదే మోడల్‌కు మూడో నంబరిచ్చి ఆ స్థానంలో పెట్టండి. పాత సెట్టింగులు వాటంతటవే వచ్చేస్తాయి. కోర్సులో చేరేవాళ్లు ఈ పనిని నిజం స్విచ్చుల మీద చేయిస్తారా అని ఫీజు కట్టకముందే అడగడం మేలు. ‘షో స్విచ్’ అని కొడితే ఎవరు మాస్టరో, ఎవరి నంబరు ఎంతో తెర మీద కనిపిస్తుంది. కేబుల్ పట్టుకునేముందు ఒకసారి, పెట్టాక ఒకసారి చూసుకుంటే చాలు.