జపాను గదిలో గడ్డి, మట్టి, కాగితం

కొత్తగా ఇల్లు కొన్నవారూ, పాత ఇంటిని బాగుచేయించుకుంటున్నవారూ మన కుటుంబాలలో ఈమధ్య తరచుగా వాడుతున్న మాట 'జపాను పద్ధతి'. లేత రంగు చెక్క, తెల్లని గోడలు, నేలకు ఆనినట్లుండే మంచం, మూలన ఒక్క వెదురు బుట్ట, మిగిలినదంతా ఖాళీ. దీనికి స్కాండినేవియా దేశాల ఫర్నిచరును జోడించి వ్యాపారస్తులు 'జపాండి' అని నామకరణం కూడా చేశారు. చూడటానికి హాయిగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే ఇటువంటి గదులలో చాలావాటిని దగ్గరగా పరిశీలిస్తే, చెక్క అనుకున్నది చెక్క బొమ్మ ముద్రించిన వినైల్ పలక, మట్టిగోడ అనుకున్నది ప్లాస్టిక్ రంగు, కాగితపు తలుపు అనుకున్నది ఎక్రిలిక్ రేకు. జపాను ఇంటి నుండి మనం ఖాళీని మాత్రం తెచ్చుకొని, పదార్థాలను అక్కడే వదలి వస్తున్నామని నా అభిప్రాయం. ఆ ఇంటి విజ్ఞానమంతా ఆ పదార్థాలలోనే ఉన్నది.

జపాను వేసవి ఎటువంటిదో ముందు గుర్తు చేసుకోవాలి. క్యోటో, టోక్యో నగరాలలో జూలై, ఆగస్టు నెలల ఉక్కపోత మన కోస్తా జిల్లాలవారికి వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టేవాడు వేసవినే దృష్టిలో ఉంచుకోవాలని 14వ శతాబ్దపు రచయిత యోషిదా కెన్కో సలహా ఇచ్చాడు. లోతైన చూరు, జరిపితే పక్కకు తొలగిపోయే తలుపులు, నేల నుండి ఎత్తుగా లేపిన చెక్క అరుగు, ఇవన్నీ ఆ ఉక్కను ఎదుర్కొనడానికి ఏర్పడినవే. గది లోపలి పదార్థాలు కూడా అదే పనిలో పాలు పంచుకొంటాయి.

తాతామి చాపను తీసుకుందాము. ఇది మనం చుట్టి మూలన నిలబెట్టే చాప వంటిది కాదు. సుమారు 180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, ఐదారు సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మ. సంప్రదాయ పద్ధతిలో లోపల వరిగడ్డిని అదిమి కుట్టి, పైన ఇగుస అనే గడ్డితో నేసిన చాపను తొడుగుతారు. ఈ ఇగుస వృక్షశాస్త్రరీత్యా మన తుంగకు దగ్గరి చుట్టమే. దాని కాడ లోపల స్పంజి వంటి దూది ఉంటుంది. గాలిలో తేమ హెచ్చినపుడు ఆ దూది నీటి ఆవిరిని పట్టుకొని, గాలి పొడిబారినపుడు తిరిగి విడుస్తుంది. గదులను అక్కడివారు చదరపు అడుగులలో గాక ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అని లెక్కించడాన్ని బట్టి ఆ ఇంటిలో చాప స్థానమేమిటో ఊహించవచ్చు.

చెక్క సంగతి కూడా ఇటువంటిదే. చెక్కలోని సెల్యులోజ్ అణువులకు నీటిని ఆకర్షించే గుణమున్నది. పొడి బరువు 100 కిలోలున్న చెక్క, గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉన్నపుడు సుమారు 9 కిలోల నీటిని, 80 శాతం ఉన్నపుడు సుమారు 16 కిలోల నీటిని తనలో నిలుపుకొంటుంది. తేడా ఏడు లీటర్లు. నలుగురున్న ఇంటిలో ఊపిరి, వంట, స్నానం, బట్టలారబెట్టడం అన్నీ కలిసి రోజుకు పది లీటర్ల దాకా నీటిని ఆవిరిగా గాలిలోకి పంపుతాయంటే ఈ ఏడు లీటర్ల విలువ తెలుస్తుంది. అయితే లెక్కను అతిగా నమ్మరాదు. చెక్క లోతుల వరకు తేమ చేరడానికి వారాలు పడుతుంది. ఒక పగలు, ఒక రాత్రి మార్పులకు స్పందించేది పైనున్న కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. కనుక ఇక్కడ మందం కంటె పైతలం ముఖ్యం. ఆ పైతలానికే మనం పాలియూరిథేన్ పూతను రెండుమూడు సార్లు పట్టించి తలుపు మూసివేస్తాము! అసలు చెక్క కొని, దానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, అదనంగా డబ్బు చెల్లించడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. సాంప్రదాయ జపాను వడ్రంగి హినోకి చెక్కను అద్దంలా చిత్రిక పట్టి చాలాచోట్ల ఏ పూతా లేకుండానే వదలివేస్తాడు.

గోడలు వెదురు తడికకు గడ్డి కలిపిన మట్టిని మెత్తినవి. మన పల్లెలలో తడిక గోడలు చూసినవారికి ఇందులో వింత ఏమీ లేదు. వింత అంతా చివరి పూతలోని పనితనంలో ఉన్నది. బంకమట్టి రేణువులు పలుచని పొరలుగా ఉండి అపారమైన పైతలాన్ని కలిగి ఉంటాయి గనుక తేమను త్వరగా తీసుకొంటాయి. ఇక షోజీ తలుపులకు అంటించే కాగితం కోజో అనే మొక్క బెరడు నారతో చేసినది. పొడవైన ఆ నారలు వెలుగును అన్ని దిక్కులకు చెదరగొట్టడం వలన గదిలో కళ్ళు చెదిరే మెరుపుగాని, గాఢమైన నీడగాని ఉండవు. అటువంటి మసక వెలుగు అందాన్ని గురించి తానిజాకి అనే రచయిత 1933లో ఒక వ్యాసమే వ్రాయడం ప్రారంభించాడు.

ఇంత తెలిసిన జపానువారే ఒకసారి బోల్తా పడ్డారన్నది మనకు మరింత ఉపయోగపడే విషయం. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కాంక్రీటు అపార్టుమెంట్లు వచ్చాయి. గాలి దూరే చెక్క తలుపుల స్థానంలో బిగుతైన అల్యూమినియం కిటికీలు వచ్చాయి. తాతామి మాత్రం అలాగే ఉండిపోయింది. గాలి ఆడని గదిలో అదే చాప తేమను విడిచే దారిలేక బూజుకు, కంటికి కనిపించని పురుగులకు నిలయమైంది. మరొకవైపు వినైల్ గోడకాగితాలు, జిగురుతో అతికించిన ప్లైవుడ్డు ఇళ్ళను నింపాయి. ఆ జిగురుల నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిరుల వలన 1990 దశకంలో కళ్ళమంటలు, తలనొప్పి, దగ్గు పెరిగి, 'సిక్ హౌస్' అన్న మాట అక్కడ ఇంటింటి మాట అయింది. 1997లో ప్రభుత్వం ఇంటి గాలిలో ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములకు మించరాదని మార్గదర్శక పరిమితిని నిర్ణయించింది. 2003 జూలైలో అమలులోకి వచ్చిన చట్టసవరణ ఆ ఆవిరులు విడిచే పదార్థాల వాడకాన్ని పరిమితం చేసి, కొత్త నివాసాలలో గంటకు సగం గదిగాలి మారేటట్లు యంత్రాల ద్వారా గాలి ప్రసారం ఏర్పాటు చేయడాన్ని తప్పనిసరి చేసింది. ఫార్మాల్డిహైడ్ మనుష్యులలో కాన్సరు కలిగించగలదని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. అమెరికాలో జిగురు చెక్కల మీద దేశవ్యాప్త పరిమితి 2018 జూన్ నుండి మాత్రమే అమలవుతున్నది. కాలిఫోర్నియా అంతకు పూర్వమే మేలుకొన్నది. కాబట్టి అలమర కొనేటపుడు అది ఎంత సాదాగా ఉన్నదని గాక, 'టి.ఎస్.సి.ఎ. టైటిల్ సిక్స్' అన్న చీటీ దాని మీద ఉన్నదా అని చూడటం మంచిది. వెదురు నేల సహజమైనదని మురిసిపోయేవారు కూడా ఆ వెదురు బద్దలను ఏ జిగురుతో అతికించారో అడగాలి.

ఇక ఖాళీ విషయం. జపాను గది ఖాళీగా కనిపించడానికి కారణం ఇంటివారికి వస్తువులు లేకపోవడం కాదు. పగలు పరుపులు ఓషీరె అనే గోడ అలమరలోకి వెళతాయి. సంపన్నుల ఇళ్ళలో పెరటిలో మందపు మట్టిగోడల కొట్టు ఒకటి ఉండేది. చిత్రపటాలు, పింగాణీ పాత్రలు, పెండ్లి బట్టలు అందులో భద్రంగా ఉండి, ఋతువును బట్టి ఒక్కొక్కటిగా గదిలోకి వచ్చేవి. మితం జపానువారి రక్తంలోనే ఉన్నదనే మాట కూడా నిజం కాదు. 16వ శతాబ్దంలో క్యోటో సమీపాన యామాజాకిలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ నిర్మించినదిగా చెప్పే గదిలో చాపలు పరచిన మేర 40 చదరపు అడుగులకు మించదు; గోడలు మట్టివి. అదే గురువును ఆదరించిన పాలకుడు హిదెయోషి బంగారు రేకు తాపిన తేనీటి గది చేయించుకొని వెంట తిప్పుకొన్నాడు! రెండూ జపానువే. ఈ సంగతి తెలియక, మితమన్న పేరుతో అమ్మమ్మగారి ఇత్తడి బిందెను, తాతగారి పడకకుర్చీని గరాజులోకి, అక్కడి నుండి దానాల దుకాణానికి పంపి, వాటి చోట రంపపు పొట్టు పలకల బల్లను తెచ్చిపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ బిందె లోహం, ఆ కుర్చీ టేకు. రెండింటినీ బాగుచేయించి మరొక తరం వాడుకోవచ్చు.

జపాను ఇంటి సూత్రాన్ని గ్రహించి, రూపాన్ని వదలినవారు ఏమి చేయగలరో చూడాలంటే పుదుచ్చేరికి వెళ్ళాలి. అక్కడి శ్రీ అరవిందాశ్రమంలో 'గోల్కొండ్' అనే వసతి భవనమున్నది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం నుండి లక్ష రూపాయల విరాళం రావడం వలననే దానికి మన గోలకొండ పేరు వచ్చింది. ఏళ్ళ తరబడి జపానులో పనిచేసిన ఆంటొనిన్ రేమండ్ దానిని రూపొందించాడు. 1937లో ప్రారంభమైన నిర్మాణాన్ని దగ్గరుండి చూసినవారిలో అమెరికాలో పుట్టిన జపాను సంతతివాడు జార్జ్ నకషిమా ఒకడు. భవనం కాంక్రీటుది. కాని గోడల స్థానంలో తెరచి మూయగల అడ్డుపలకలు, గదికి వరండాకు మధ్య గాలిని రానిచ్చి చూపును ఆపే టేకు బద్దల జరుపు తలుపులు, ఎండ వేడి సూటిగా దిగకుండా రెండు పొరల కప్పు అమర్చారు. ఏర్ కండిషనర్ లేదు. ఒక్క మాట చెప్పవలసి ఉన్నది: ఆ అడ్డుపలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి; నేడు ఎవరూ వాటిని వాడరాదు. సూత్రం నిలిచింది, పదార్థం నిలవలేదు.

ఆ నకషిమాయే యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో ఒక జపాను వడ్రంగి వద్ద పనిముట్ల మెలకువలు నేర్చుకొని, 1943లో విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడ్డాడు. చెక్కలో పగులుంటే దానిని దాచకుండా సీతాకోకచిలుక ఆకారపు చెక్కముక్కతో బిగించి అలాగే చూపించేవాడు. అక్కడికి కొద్ది దూరంలోనే, ఫిలడెల్ఫియా ఫెయిర్‌మౌంట్ పార్కులో 'షోఫుసో' ఇల్లున్నది. 1954లో న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శించి, 1958లో అక్కడికి తరలించిన ఇల్లది. పిల్లలను తీసుకొని వెళ్ళి, చెప్పులు విడిచి ఆ చాపల మీద కాసేపు కూర్చోవడం పది కాటలాగులు తిరగవేయడం కంటె ఎక్కువ నేర్పుతుంది.

మన ఇళ్ళకు వస్తే, ఇక్కడి ఇల్లు బిగుతుగా మూసిన పెట్టె వంటిది. చలికాలంలో ఫర్నేసు వేడికి గాలిలో ఆర్ద్రత చాలా పడిపోయి చెక్క పగులుతుంది. వేసవిలో నేలమాళిగ చెమ్మగిల్లుతుంది. అసలైన వరిగడ్డి తాతామిని ఆ నేలమాళిగ కాంక్రీటు మీద పరిస్తే ఒక్క వేసవిలో బూజు పట్టడం ఖాయం. చెక్క చట్రం వేసి, కింద గాలి ఆడనివ్వాలి. ఆర్ద్రత 30 నుండి 50 శాతం మధ్య ఉండేటట్లు చూసుకోవాలి. దానిని కొలిచే పరికరం ఖరీదు పది, పదిహేను డాలర్లకు మించదు. శ్రమ కూడా లెక్కలోకి రావాలి. తాతామి పైచాపను కొన్నేళ్ళకు తిరగవేస్తారు, ఆ తరువాత కొత్తది తొడుగుతారు. షోజీ కాగితాన్ని చింపి మళ్ళీ అంటిస్తారు. ఈ పనులు ఇష్టంగా చేయగలవారికే ఆ పదార్థాలు తగినవి. చేయలేమనుకునేవారికి పూత లేని ఒక్క చెక్కబల్ల, ఊరినుండి తెచ్చుకొన్న ఒక్క తుంగచాప చాలు.

అన్నిటికంటె ముందు వంటిల్లు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు వేసే ఇంటిలో, వంటిల్లు హాలు కలిసిపోయిన అమెరికా కట్టడంలో, మట్టిపూత గోడ తేమతోపాటు ఆ నూనె ఆవిరిని కూడా పీల్చుకొంటుంది. షోజీ కాగితం నెలలలో పసుపుపచ్చబారుతుంది. గోడల మీద వేలు ఖర్చు పెట్టేముందు పొయ్యి మీది ఫ్యాను గాలిని నిజంగా బయటకు పంపుతున్నదా లేక జల్లెడ గుండా మళ్ళీ మన ముఖం మీదికే విడుస్తున్నదా చూసుకోవాలి. చాలా ఇళ్ళలో జరుగుతున్నది రెండవదే. దాని పైనున్న అలమర తలుపు తెరిస్తే గొట్టం ఉన్నదీ లేనిదీ కనబడుతుంది.