విరిగిన గాలపు కర్ర పారవేయదగినదా?

మన రైతు నాగలి మేడి విరిగినచో నాగలిని పారవేయడు. వడ్రంగియొద్దకు కొనిపోయి క్రొత్త మేడి వేయించుకొనును. కొడవలి పిడి ఊడినచో లక్క కరగించి బిగించుకొనును. గోనెసంచి చినిగినచో దబ్బనముతో కుట్టుకొనును. ఇట్టివాడే గాలపు కర్ర కొన రెండంగుళములు విరిగినంతనే దానిని చెరువుగట్టున విసరివైచి, మరునాడు బజారున క్రొత్తదానిని కొనుచున్నాడు. ఇది యేల? ఈ చిన్న ప్రశ్ననే ఈ నెల సభ్యుల యెదుట నుంచుచున్నాము.

చంపాపేట ఒకప్పుడు గ్రామము. నేడు నగరములో కలిసిపోయినది. దానికి సమీపముననే 1626వ సంవత్సరమున త్రవ్వించిన సరూర్‌నగరు చెరువు కలదు. దాని చుట్టును ఇప్పుడు పొలములు లేవు, ఇండ్లే. అచ్చటినుండి సాగరు మార్గమున ఇబ్రహీంపట్నము వైపు పోయినకొలది పల్లెలును చెరువులును అగపడును. మొన్నటి వానకాలమున మేము ప్రదర్శనపు పనికై ఆ త్రోవను పోవుచు ఒక చెరువుగట్టున దిగితిమి. రాళ్ల నడుమ ఏడు విరిగిన గాలపు కర్రలు కనబడినవి. వానిని ఏరి పరీక్షించితిమి. నాలుగింటికి కొన మాత్రమే పోయినది. రెండింటికి దారము పోవు వలయములు ఊడినవి. ఒక్కటి మాత్రమే నడుమ నలిగి నుగ్గయినది. అనగా ఏడింటిలో ఆరు బాగుచేయదగినవే! ఒకదానినుండి వ్రేలాడు నైలాను దారము మేకపిల్ల కాలికి చుట్టుకొనియుండగా కాపరి దానిని కోసి తీయుచుండెను. పారవేసినవానికి నష్టము, పరుల పశువునకు బాధ. ఈ రెండును ఒక్క కర్రవలననే కలిగినవి.

గాలము వేయుట సోమరుల వినోదమని కొందరు తలంతురు. పట్టణపు వారికి అట్లే యగుగాక. పల్లెలో కూలిపని లేనినాడు గాలము వేసి తెచ్చిన నాలుగు జెల్లలో, ఒక కొర్రమీనో ఇంటిల్లిపాదికి కూరయగును. అట్టివానికి క్రొత్త కర్ర వెల దినకూలిని మ్రింగును. ఒక్కొక్కప్పుడు అది అంగడివాని పద్దులో అప్పుగా నిలుచును. చిన్న అప్పులే పెద్ద అప్పునకు మొలకలని సహకార సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

"వెదురు కర్రయైన బాగుచేయవచ్చును; ఈ కాలపు గాజునార కర్రను, కార్బను కర్రను ఎవడు బాగుచేయగలడు?" అని యడుగువారు కలరు. ఈ కర్రల చరిత్ర తెలిసిన ఈ భయము తొలగును. 1840వ దశకమున అమెరికాలో వెదురును సన్నని బద్దలుగా చీల్చి, అతికించి, గాలపు కర్రలు చేయ మొదలిడిరి. అందులకు వారు వాడినది మన దేశపు గట్టి వెదురే. కలకత్తా రేవునుండి పోవుటచే దానికి ఆ నగరము పేరే కలిగినది. పిదప చీనా వెదురు దాని స్థానమును పొందినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత గాజునార కర్రలును, 1970 తరువాత కార్బను కర్రలును ప్రబలినవి. వస్తువు మారినదే గాని నిర్మాణము మారలేదు. ఏ కర్రయైనను మొదలు లావై, కొన సన్ననై, వంగి లేచు నారల కట్టయే. కావున అతుకు వేయు పద్ధతియు ఇంచుమించు ఒక్కటే.

వెదురు కర్ర విరిగినచో రెండు ముక్కలను ఏటవాలుగా చెక్కవలయును. కర్ర లావు ఒక సెంటీమీటరైన కోత పొడవు పది సెంటీమీటర్లుండవలయును. పొట్టి అతుకు నిలువదు. రెండు ముఖములును సరిగా కూడునట్లు గరుకు కాగితముతో రుద్ది, రెండు పాళ్లు కలిపి వాడు ఎపాక్సీ జిగురు పూసి, గట్టి దారముతో చుట్టు ప్రక్క చుట్టు తగులునట్లు బిగించి చుట్టవలయును. కడపట ముడి వేయక దారపు కొనను చుట్ల క్రిందికి దూర్చి లాగవలయును. ఒక దినము ఆరిన తరువాత వార్నీషు రెండు పూతలు పూసిన నీరు చొరదు.

బోలుగానుండు గాజునార కర్ర నడుమ విరిగినచో, మరియొక విరిగిన కర్రనుండి లోపల సరిపోవు ముక్కను కోసి, ఇరుప్రక్కలకు నాలుగేసి అంగుళములు దూరునట్లు జిగురుతో నిలిపి, పైన దారము చుట్టవలయును. విరిగినదానికి విరిగినదే మందు! కొన మాత్రమే పోయినచో ఆకురాయితో చివరను సమముచేసి క్రొత్త కొనవలయమును అతికించిన చాలును. కర్ర కొంత పొట్టియై బిరుసగును గాని పనికి లోటుండదు. ఈ కర్రలను రాచునప్పుడు తడిపి రాచవలయును. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును. ఆ పొడి ఊపిరితిత్తులకు కీడు. విరిగిన ముక్కలను పొయ్యిలో పెట్టరాదు.

అన్నియు బాగుపడునని మేము చెప్పము. నిలువున చీలిన కార్బను కర్రను, పుచ్చిన వెదురును విడిచిపెట్టుటయే మేలు. అయినను దాని వలయములు, పిడి మరియొక కర్రకు పనికివచ్చును. వెదురు ముక్కలు చిక్కుడు పాదుకు, టమాటా మొక్కకు ఊతకర్రలగును. గాజునార ముక్కలను మాత్రము కూరతోటలో నాటరాదు. వాని నారలు చేతులలో గ్రుచ్చుకొనును. మరియొక హెచ్చరిక: కార్బను విద్యుత్తును ప్రసరింపజేయును. తీగలు పోవు చెరువుగట్టున అట్టి కర్రను ఎత్తుట ప్రాణాపాయము. తడిసిన వెదురునుగూడ నమ్మరాదు.

కర్ర విరుగకుండ చూచుకొనుట అన్నిటికంటె చౌక. చేపను కర్రతోనే గట్టుపైకి లేపుటవలన కొనలు విరుగుచున్నవి, చేతివలతో ఎత్తుకొనవలయును. గట్టున వెదురు పెంచువారికి మరియొక మాట. అడవి వెలుపల పెరుగు వెదురును చెట్ల నిర్వచనమునుండి తొలగించుచు 2017వ సంవత్సరమున అటవీ చట్టము సవరింపబడినది. చలికాలమున ముదురు వెదురును నరికి కొన్ని వారములు నీట నానవేసిన అందలి పిండిపదార్థము తగ్గి పురుగు అంతగా పట్టదు.

మేము చదివిన మిషను పాఠశాలలో చేతిపని నేర్పిన గురువు, విరిగిన పలకచట్రమును అతికింపక క్రొత్తది యడిగిన బాలునికి ఇచ్చెడివాడు కాడు. ముందు అతుకు వేసి చూపవలయును. అతుకు నిలువకున్నచో అప్పుడే క్రొత్తది. ఆనాడు అది పిసినితనమని తలచితిమి. అప్పులపాలైన కుటుంబములను పల్లెలలో చూచిన తరువాత ఆయన బుద్ధి ఎంత మేలైనదో తెలిసికొంటిమి.

1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున సహకార సంఘములు ముఖ్యముగా పరపతికై పుట్టినవి. కాని అప్పు ఇచ్చుట మాత్రమే సంఘము పనియా? అక్కరలేని అప్పును తప్పించుటయు సంఘము పనియే. కావున ప్రతి సంఘపు గదిలోను ఒక మరమ్మతు పెట్టె యుండవలయునని మా అభిప్రాయము. అందు దారము, జిగురు, గరుకు కాగితము, వార్నీషు, పలు కొలతల వలయములు ఉంచవలయును. ప్రక్కనే విరిగిన కర్రలు వేయుటకు ఒక బుట్ట. నెలకొక ఆదివారము చేతిపని తెలిసిన మేదరియో వడ్రంగియో కూర్చుండి యువకులకు నేర్పవలయును. ఆయన కూలిని సంఘము చెల్లింపవలయును. సరకుల అసలు వెల మాత్రమే సభ్యునినుండి తీసికొనవలయును. చెరువు మత్స్య సహకార సంఘమువారి హక్కులోనున్నచో వారి యనుమతి లేనిదే గాలము వేయరాదను నియమమును ఆ గది గోడపైననే వ్రాసియుంచుట మంచిది.

ఆ గట్టున ఏరిన ఏడు కర్రలను మేము మోసికొనివచ్చితిమి. నలిగిన దానిని కోసి ముక్కలుగా వాడి, తక్కినవానిలో ఐదింటిని బాగుచేసితిమి. ఆరవదాని అతుకు మా పొరపాటువలన ఊడినది. దానిని మరల వేయవలసియున్నది. ఈ ఐదును ఇప్పుడు మా యొద్ద గోడకు ఆనించియున్నవి. మొదట పెట్టెను ఏర్పరచిన సంఘమునకు వీనిని ఇచ్చుటకు సిద్ధముగానున్నాము.