ఆకాశం చినిగిందంటే తప్పా?

కట్టె చీలుతుంది, బట్ట చినుగుతుంది, వల పిగులుతుంది. తెలుగులో వస్తువు మారితే క్రియ మారాల్సిందే. బైబిలు గ్రీకులో ఈ మూడింటికీ 'స్ఖిజో' ఒక్కటే సరిపోతుంది. పాతనిబంధన గ్రీకు అనువాదంలో అబ్రాహాము దహనబలికి కట్టెలు చీల్చినా, మోషే ముందు సముద్రం పాయలైనా ఆ క్రియే. యోహాను సువార్త చివర 153 చేపలు పడ్డా పిగలని వలకూ అదే. జనం రెండు పక్షాలైతే దానికీ ఇదే. కొరింథు సంఘాన్ని పౌలు మందలించిన 'కక్షలు' ఈ క్రియకు పుట్టిన నామవాచకమే.

మార్కు మాత్రం ఈ క్రియను రెండే చోట్ల వాడాడు. యేసు బాప్తిస్మం పొంది యొర్దానులోంచి పైకి వస్తున్నప్పుడు ఆకాశానికి. సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెరకు. మొదటిచోట పైనుంచి వచ్చిన స్వరం ఆయన్ను కుమారుడంది. రెండోచోట రోమా శతాధిపతి దేవుని కుమారుడన్నాడు. ఇది కాకతాళీయమంటే నేను నమ్మను. పైగా ఆలయ ద్వారం ముందు వేలాడే బబులోను తెర మీద ఆకాశ దృశ్యమంతా అల్లి ఉండేదని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మార్కు చెప్పింది ఆ తెరో, లోపలిదో పండితులు తేల్చుకోలేదు. బయటిదే అయితే రెండుసార్లూ చినిగింది ఆకాశమే.

మన చర్చిల్లో చదివే పాత తెలుగు అనువాదంలో ఆకాశం 'చీల్చబడింది', తెర 'చినిగింది'. రెండూ చక్కటి తెలుగే. ఆ చక్కదనం వల్లే మార్కు వేసిన ముడి మన చెవికి తగలదు.

ఆకాశం చినిగిందంటే ఎబ్బెట్టుగా ఉంటుందనే కదా అభ్యంతరం? మత్తయికీ, లూకాకూ కూడా మార్కు మాట మోటుగా తోచిందేమో, ఇద్దరూ ఆకాశం 'తెరుచుకుంది' అని సరిదిద్దారు. వాళ్లకంటే ముందు యెషయాను గ్రీకులోకి తెచ్చినవాళ్లూ అదే పని చేశారు. ఆకాశాన్ని చించుకుని దిగిరమ్మని 64వ అధ్యాయంలో ప్రవక్త మొర. హీబ్రూలో అక్కడున్నది దుఃఖంలో బట్టలు చించుకోవడానికి వాడే క్రియ. గ్రీకులో అది 'తెరవడం' అయిపోయింది. మార్కు మళ్లీ ఆ హీబ్రూ మోటుదనం దగ్గరికే వెళ్లాడు. ఈసారి అనువాదాన్ని సవరించేవాళ్లు రెండుచోట్లా 'చినిగింది' అనే రాయాలి. వినేవాళ్లు ఉలిక్కిపడితే పడనివ్వండి.