చీలమండ నొప్పికి ఎక్స్‌రే ఒక్కటే చాలదు

విశాఖ రేవు కూలీకి, ఉక్కు కార్మికునికి, పొలం గట్టున నడిచే రైతుకు చీలమండ బెణకడం మామూలే. నాలుగడుగులు వేయలేకపోతే ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముక విరిగితే అందులో సాధారణంగా తెలుస్తుంది. ఎముకల చివర పరుపులా ఉండే మృదులాస్థి మాత్రం కనిపించదు. ఎముక ఎన్ని ముక్కలైందో సి.టి. స్కాన్ వివరంగా చూపుతుంది. మృదులాస్థి దెబ్బతిన్నా, ఎముక లోపల కమిలినా తెలిపేది ఎం.ఆర్.ఐ. స్కాన్.

ఖరీదైన స్కాన్ అందరికీ అక్కరలేదు. అయితే ‘ఎముక విరగలేదు’ అని పంపేసిన రోగికి నెలన్నర దాటినా నొప్పి తగ్గకపోతే, అది పని ఎగ్గొట్టే వంక అనుకోవడం అన్యాయం. 1923లో వెలసిన విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రి ఎముకల విభాగానికి అటువంటి వారిని చీటీ రాసి పంపడం పల్లె ఆరోగ్య కేంద్రాల బాధ్యత. ఆలస్యమైతే కీలు అరిగిపోతుంది. కాయకష్టంపై బతికేవారికి కాలే ఆధారమని వైద్యాధికారులు గుర్తించాలి.